న్యుమోనియాలో నాలుగో వాటా

కాటా మామ పోయాడు. ఆ వీధిలో కాటా మామ అంటే తెలియనివాళ్ళు లేరు. కిరాణా కొట్టు తక్కెడ దగ్గర్నుంచి బంగారం కొట్లో అద్దాల పెట్టెలో కూర్చునే బుల్లి త్రాసు దాకా, ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగిందంటే ఆయన్నే పిలవాలి. ఆయన వచ్చి, త్రాసు ముందు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ చిన్న ప్రార్థన చేసుకుని, ఆ తరవాతే సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసేవాడు. "దొంగ తూకం దేవుడికి కిట్టదు" అనేది ఆయన ఊతపదం. ఎవరైనా కొట్టువాడు "కాస్త మనవైపు మొగ్గేలా బిగించు మామా" అని కన్ను గీటితే, సంచి భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు.

అంతవరకూ బాగానే ఉంది. భక్తి ఉండాలి, పనిలో నిజాయితీ ఉండాలి, ఎవరు కాదన్నారు? చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ మహానుభావుడు సాయంత్రం కాటాని కొట్లో వదిలేసి రాకుండా ఇంటికి మోసుకొచ్చేవాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. నలుగురికీ నాలుగు సమాన వాటాలు. తిండిలో, బట్టలో అయితే ఏ తండ్రైనా చేస్తాడు. ఈయన ముద్దులో, తిట్లలో, ఆఖరికి జ్వరాల్లో కూడా వాటాలు వేశాడు.

ఆ నలుగురూ ఎవరో ముందే చెప్పేస్తాను, తరవాత తికమక పడొద్దు. పెద్దోడు డ్రైవింగ్ నేర్పుతాడు. వాడి తరవాతది పెద్దక్క, ఆసుపత్రిలో నర్సు. ఆ తరవాత మూడోది, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఆఖరివాడు చిన్నోడు, లిఫ్టులు బాగుచేస్తాడు. మన కథ మూడోదానిది. నలభై దాటి, చెవుల దగ్గర నెరిసినా ఇంట్లో దాన్ని ఇంకా మూడోదనే అంటారు.

ఉదాహరణకి ఒకటి చెబుతాను. పెద్దక్కకి క్లాసులో ఫస్టు వచ్చింది. కాటా మామ మురిసిపోయి దాని తల నిమిరాడు. నిమిరాక గుర్తొచ్చింది, ఇంకా ముగ్గురున్నారని. పెద్దోణ్ణి ఆటలోంచి పిలిచి నిమిరాడు. మూడోదాన్ని స్నానాల గదిలోంచి రప్పించి, సబ్బునురగ మీదే నిమిరాడు. చిన్నోడు అదే పరీక్షల్లో లెక్కలు తప్పి మంచం కింద దాక్కున్నాడు. వాణ్ణి కాలు పట్టి బయటికి లాగి మరీ నిమిరాడు. వాడు దెబ్బలు తప్పవనుకుని కెవ్వుమన్నాడు. తిట్లైనా అంతే. అద్దం ఒకడు పగలగొడితే నలుగురికీ అక్షింతలు పడేవి, నిద్రపోతున్నవాణ్ణి లేపి కూర్చోబెట్టి మరీ తిట్టేవాడు. "నేనేం చేశాను నాన్నా?" అంటే, "నువ్వేం చెయ్యలేదురా, ఇది నీ వాటా" అనేవాడు. నలుగురూ నాలుగు వేరు వేరు రోజుల్లో పుట్టడమే దేవుడు తనకి పెట్టిన పరీక్ష అనుకుని, వాళ్ళలో ఎవ్వరూ పుట్టని ఒక రోజు చూసి అందరి పుట్టినరోజూ అప్పుడు చేసేవాడు. ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. నవ్వరా మరి!

ఇవన్నీ ఒకెత్తు, మూడోదాని న్యుమోనియా ఒకెత్తు. దానికి పదేళ్ళప్పుడు ఊపిరితిత్తులకి నెమ్ము చేరి ఆసుపత్రిలో పడింది. కాటా మామ పని మానేసి దాని మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెయ్యి తియ్యలేదు. ఆపిల్ తొక్క తీసి పలచగా కోసి నోట్లో పెట్టాడు. గోడ మీద బల్లికి పేరు పెట్టి, అది దగ్గినట్టు దగ్గి, దాన్ని నవ్వించాడు. ఒళ్ళు కాలిపోతున్నా మూడోది జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేదు. నాన్న మొత్తం, ముక్కలు కాకుండా, తన ఒక్కదానికే దొరికాడు. తగ్గిపోతోందని డాక్టరు చెబితే అది దుప్పటి కప్పుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చాక ఏమైందనుకున్నారు? ఆ మర్నాడే పెద్దోణ్ణి బడి మాన్పించి మంచం మీద పడుకోబెట్టాడు. గుండులాంటి కుర్రాడు, చెమటలు కక్కుతూ దుప్పటి కింద పడుకుంటే, పక్కన కుర్చీ వేసుకుని, నుదుటి మీద చెయ్యి వేసి, ఆపిల్ కోసి పెట్టాడు. వాడి తరవాత పెద్దక్క. పెద్దక్క తరవాత చిన్నోడు. ఆసుపత్రిలో ఎన్నాళ్ళు కూర్చున్నాడో అన్నాళ్ళు ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాడు. బల్లి లాగా అందరికీ దగ్గాడు. ఒంట్లో నలతన్నది ఎరగని చిన్నోడు "నాన్నా, నాక్కూడా సూది ఉంటుందా?" అని అడిగాడట సంబరంగా. తలుపు సందులోంచి ఇదంతా చూస్తూ నిలబడింది మూడోది. చివరికి తన రోగం కూడా తనది కాకుండా పోయింది. న్యుమోనియాలో దానికి దక్కింది నాలుగో వాటా!

అప్పటినుంచి దాని కడుపులో ఒకే ఒక్క ప్రశ్న. నాన్న నన్ను ఒక్క గోరంత ఎక్కువ ప్రేమించాడా, లేదా? ఎక్కువ కాకపోయినా ఫరవాలేదు, తక్కువ మాత్రం కాదు కదా? నలుగురిలో మూడోది అవడమంటే మీకేం తెలుసు! పెద్దోడు మొదటివాడు, పెద్దక్క మొదటి ఆడపిల్ల, చిన్నోడు కడగొట్టువాడు. దీనికే ఏ బిరుదూ లేదు. ముసలాయన మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి సిగ్గు విడిచి అడిగేసింది కూడా. "నాన్నా, నేనంటే నీకు కాస్తైనా ఎక్కువ ఇష్టమా?" ఆయన దాని మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. తరవాత మంచినీళ్ళు అడిగాడు. అది గ్లాసుతో వచ్చేసరికి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోలేదని దానికి తెలుసు, రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఆ తరవాత కొద్ది రోజులకే ఆయన వెళ్ళిపోయాడు, జవాబు లోపలే పెట్టుకుని.

నెల దాటాక, ఆయన్ని తలుచుకుందామని ఇంట్లోనే చిన్న కూటం పెట్టుకున్నారు. ఆ రోజు పొద్దున్నే నలుగురూ చేరి ఆయన సామాను పంచుకున్నారు. పంచుకోవడమంటే మామూలుగానా? పుట్టి పెరిగింది ఆ ఇంట్లో కదా. చొక్కాలు నాలుగు వాటాలకి సరిపోయాయి. స్క్రూడ్రైవర్లు సరిపోయాయి. ఆఖర్న ఒక్క స్వెట్టరు మిగిలింది. బూడిదరంగుది, మోచేతుల దగ్గర పలచబడింది, ఇంకా ఆయన వాసనే వేస్తోంది.

మూడోదానికి ఆ స్వెట్టరు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు, తన వాటా చొక్కాలు కూడా తిరిగి ఇచ్చేస్తుంది. "నేను తీసుకోనా?" అందామని నోటిదాకా వచ్చింది.

"విప్పేద్దాం" అన్నాడు పెద్దోడు.

"విప్పేదేమిటి?"

"ఊలు. విప్పి నాలుగు ఉండలు చుడదాం. నాన్న ఉంటే అదే చేసేవాడు."

కాదనడానికి లేదు, ఉంటే ఆయన అదే చేసేవాడు. పెద్దక్క కొస పట్టుకుని లాగింది. చిన్నోడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. చేతులు పోయాయి, మెడ పోయింది, వీపు పోయింది. వంటింటి కాటా మీద నాలుగు ఉండలూ తూచి, బరువున్నదాంట్లోంచి జానెడు తెంపి తేలికదానికి ముడేశారు. మూడోది తన ఉండని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఉండకి ఊలు వాసన తప్ప ఏమీ లేదు. ఎవరికీ చెప్పకుండా చేతిసంచిలో వేసుకుంది.

ఇక ఎవరు మాట్లాడాలన్నది తేలాలి. ఒకరు ముందు మాట్లాడితే మిగతావాళ్ళకి చెప్పడానికి మాటలు మిగలవు. చివర్న మాట్లాడితే వినేవాళ్ళు ఆవులిస్తారు. అన్యాయం కదా! అందుకని పెద్దోడు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టాడు. నలుగురూ వరసగా నిలబడి, ఒకే మాట, ఒకేసారి, ఒకే గొంతుతో చెప్పాలి. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు. మధ్యాహ్నమంతా వంటింట్లో సాధన చేశారు. "మా నాన్న గొప్ప భక్తుడు" దగ్గర చిన్నోడు ప్రతిసారీ తొందరపడ్డాడు. "గొప్ప దగ్గర ఊపిరి తీసుకోరా వెధవా" అని పెద్దక్క వాడి వీపు మీద చరిచింది. అలవాటు కొద్దీ మిగతా ఇద్దరి వీపులూ కూడా చరిచింది.

సాయంత్రానికి ముందు గది నిండిపోయింది. ఆయనతో పాటు ప్రార్థనలకి కూర్చునే ప్రార్థన పెద్దాయన వచ్చాడు. నూనె కొట్టాయన వచ్చాడు. బంగారం కొట్టాయన వచ్చి, ఎక్కడ కూర్చుంటే ఎక్కువ మర్యాదో చూసుకుని కూర్చున్నాడు. అమ్మ మాత్రం వంటింట్లోంచి రానంది. "నేనెందుకు, టీ ఎవరు పెడతారు? ఆయన సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు" అంది.

నలుగురూ వరసగా నిలబడ్డారు. పెద్దోడు వేలు ఎత్తాడు.

"మా నాన్న గొప్ప భక్తుడు" అన్నారు నాలుగు గొంతులూ. "దేవుణ్ణి ఎంత నమ్మాడో మమ్మల్ని అంత ప్రేమించాడు. మా నలుగురినీ ఎప్పుడూ ఒకేలా..."

అక్కడ మూడు గొంతులే వినపడ్డాయి. పెద్దోడు ఆగిపోయాడు. ఎదురుగా కూర్చున్న ప్రార్థన పెద్దాయన కళ్ళలోకి చూస్తూ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, గడ్డం వణుకుతోంది.

"అబద్ధం చెప్పలేను పెద్దయ్యా" అన్నాడు. "మా నాన్న పేరు మీద కూటం పెట్టుకుని అబద్ధం చెబితే కళ్ళు పోతాయి. ఒకేలా చూళ్ళేదు. నన్ను కాస్త ఎక్కువ చూశాడు. నాకు మొదటిసారి ఉద్యోగం పోయినప్పుడు, నీళ్ళ ట్యాంకు కడుగుతూ, ఇద్దరం ట్యాంకు లోపలుండగా చెప్పాడు. 'ముల్లు నీవైపే కాస్త మొగ్గుతుందిరా. ఎవరితోనూ అనకు' అని. ఇన్నేళ్ళూ అనలేదు. తమ్ముడూ, చెల్లెళ్ళూ, నన్ను క్షమించండి."

వరసలోంచి పెద్దక్క ఒక్క అడుగు ముందుకి వేసింది.

"ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు."

"ముల్లు నీవైపే కాస్త..."

"నోర్ముయ్! ఆ మాట నాకు చెప్పాడు! నా మొదటి పురుట్లో బిడ్డ పోయినప్పుడు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఇదే మాట, ఇలాగే! ఎవరితోనూ అనకన్నాడు కూడా!"

"ఆగండాగండి" అన్నాడు చిన్నోడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ ఇద్దరికీ మతులు పోయాయా? అది నాకు కదా చెప్పింది? లెక్కలు మూడోసారి తప్పినప్పుడు? నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని?"

అంతే, గది గదంతా గోలెత్తిపోయింది. నువ్వు అబద్ధాలకోరువంటే నువ్వు అబద్ధాలకోరువనుకున్నారు. పెద్దోడు ట్యాంకు మీద ఒట్టేశాడు. పెద్దక్క, నర్సు కదా, చిన్నోడి కనురెప్ప ఎత్తి చూసి "వీడు అబద్ధం చెబుతున్నాడు, కనుపాప చూడండి" అని నూనె కొట్టాయన్ని సాక్ష్యం పిలిచింది. నూనె కొట్టాయన లేచి కనుపాప చూసి "పచ్చకామెర్లలా ఉంది" అన్నాడు. టీ కప్పులు పట్టుకున్న జనం అటూ ఇటూ తలలు తిప్పుతూ తాగడం మర్చిపోయారు.

"నిశ్శబ్దం!" అని అరిచాడు ప్రార్థన పెద్దాయన. "కాటా మామ జన్మలో అబద్ధం ఆడలేదు. నేనుంటా పూచీ. ముగ్గురికీ చెప్పాడంటే ముగ్గురివైపూ మొగ్గినట్టే. అంతటితో వదిలెయ్యండి."

"అదెలా కుదురుతుంది?" అన్నాడు బంగారం కొట్టాయన. ఆ నోటికి తాళం లేదు. "నేనూ త్రాసు పట్టినవాణ్ణే. ముగ్గురివైపు మొగ్గిందంటే మిగిలిన పళ్ళెం పైకి తేలిపోయినట్టేగా?"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. కరుచుకుని ఏం లాభం? గదిలో తలలన్నీ ఒక్కసారి మూడోదానివైపు తిరిగాయి. వరసలో అది ఒక్కతే మిగిలింది, చేతులు కట్టుకుని, ఇంకా ఎక్కాలు అప్పజెప్పే భంగిమలోనే.

"టీ... టీ సరిపోయిందో లేదో చూసొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్కడ అమ్మ పొయ్యి ముందు నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది. టీ పొంగి పొయ్యి మీదంతా కారింది. ఆ ఇంట్లో పాలచుక్క కింద పడితే ప్రళయమే, అలాంటిది ఆవిడ గుడ్డ కూడా తియ్యలేదు.

"విన్నావా?" అంది మూడోది.

"చెవుడు రాలేదు నాకింకా."

"ముగ్గురికీ చెప్పాడమ్మా. నాకు చెప్పలేదు." ఏడ్చేసింది. ఇక ఆపుకోదలుచుకోలేదు కూడా. "అడిగాను, మంచం మీదున్నప్పుడు. నోరు తెరిచి అడిగాను. నీళ్ళు కావాలన్నాడు. అబద్ధానికైనా 'నువ్వే తల్లీ' అనొచ్చుగా? వాళ్ళకి చెప్పిన అబద్ధమే నాకూ చెప్పొచ్చుగా? దానికి కూడా నేను తగనా?"

అమ్మ టీ గిన్నె దించింది. పొయ్యి ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని పీట లాక్కుని కూర్చుంది.

"ఆ నూనె కొట్టాయన వచ్చాడా?" అని అడిగింది.

మూడోదానికి ఒళ్ళు మండింది. "నేనేం అడుగుతున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు?"

"వచ్చాడా లేదా చెప్పవే."

"వచ్చాడు. చిన్నోడికి పచ్చకామెర్లంటున్నాడు."

"పాపం, మంచివాడు" అంది అమ్మ. "పాతికేళ్ళుగా వాడి కొట్లో చుక్క నూనె కొనలేదు. రెండు వీధులు అవతలికెళ్ళి తెచ్చుకున్నాను. ఎందుకో తెలుసా? మీ నాన్న సాయంత్రం ప్రార్థన చేసుకునేవాడు చూడు, గోడవైపు తిరిగి, గొణుక్కుంటూ. చివర్న ఒకమాట అనేవాడు. 'దేవుడా, నా చేతిమీద మూడు దొంగ తూకాలున్నాయి. క్షమించు.' నేనేమనుకున్నానూ? ఏ మూడు కొట్లకో మొహమాటపడి తప్పుడు తూకం బిగించాడనుకున్నాను. నూనె కొట్టు ఒకటనుకున్నాను, బియ్యం కొట్టు ఒకటనుకున్నాను. మూడో కొట్టు ఏదో తెలీక వీధంతటినీ అనుమానించాను. ఇవాళ వాళ్ళు ముగ్గురూ అరుస్తుంటే ఇక్కడ నిలబడి విన్నాను. కొట్లూ కాదు, గిట్లూ కాదు. వీళ్ళే."

మూడోది కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపింది.

"వాళ్ళకి కష్టం వచ్చినప్పుడు ఆ ముక్క చెప్పి ఊరుకోబెట్టాడు. అబద్ధం చెప్పాడు గనక క్షమించమన్నాడు. మూడే అన్నాడే పిచ్చిదానా. ఒక్కనాడు కూడా నాలుగు అనలేదు."

"నాకు చెప్పలేదుగా, నాలుగెలా అవుతాయి?"

"నీకెలా చెబుతాడే?" అమ్మ కసిరింది. "నీకు చెబితే అది నిజమైపోదూ!"

మూడోది గుడ్డ తీసి పొయ్యి మీద కారిన టీ తుడవడం మొదలెట్టింది.

"నువ్వు పుట్టకముందు ఈ మనిషికి ఈ పిచ్చి లేదు" అంది అమ్మ, ఎవరిమీదో తెలియని కోపంతో. "అందరిలాంటి మొగాడే. ఎవడి చెయ్యి ముందొస్తే వాడికి పెద్ద ముక్క పెట్టేవాడు. నువ్వు పుట్టావు. ఎత్తుకున్నవాడు దించలేదు. పనికెళ్ళలేదు. పెద్దోడు కాళ్ళకి చుట్టుకుని 'నాన్నా, నాన్నా' అని ఏడుస్తుంటే, ఆ ఏడుపు ఈయన చెవిన పడితే ఒట్టు. పక్కింటావిడ నవ్వుతూ అనేసింది, 'ఏమయ్యా, ఈ పిల్ల వచ్చాక ఆ ఇద్దరూ నీకు కనపడటం మానేశారే' అని. మొహం మాడిపోయింది. గోడవైపు తిరిగి కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసుకున్నాడు. మర్నాడు కొట్లోంచి కాటా ఇంటికి తెచ్చాడు. ఇక అక్కణ్ణుంచి చూడు నా అవస్థ! తల నిమిరితే నలుగురికీ, తిడితే నలుగురికీ. నీ ఆసుపత్రి రోజుల్లో ఇంట్లో ఇంకా ముగ్గురున్నారన్న సంగతే మర్చిపోయాడు మహానుభావుడు. చిన్నోడు ఎలా ఉన్నాడని అడగలేదు, తిన్నారా అని అడగలేదు. ఇంటికొచ్చి వాళ్ళ మొహాలు చూశాక గుర్తొచ్చి, తలుపేసుకుని ఏడ్చాడు. అందుకే ఒక్కొక్కళ్ళనీ మంచమెక్కించి అన్ని రోజులూ కూర్చున్నాడు. నీ ఒక్కదాని మూలాన జీవితమంతా కాటా పట్టుకు వేలాడాడు, ఆయనతో పాటు నేను వేలాడాను. నీకు చెప్పలేదని ఏడుస్తున్నావా? సిగ్గులేకపోతే సరి!"

 మూడోది నేలమీద, అమ్మ పీట పక్కనే కూలబడింది. మంచం మీద ముసలాయన నోరు తెరవడం, మూయడం, మంచినీళ్ళు అడగడం, రెప్పలు కొట్టుకోవడం, అన్నీ మళ్ళీ కనపడ్డాయి. అవునంటే ఆ ముగ్గురికీ అన్యాయం. కాదంటే దేవుడి దగ్గర నాలుగో దొంగ తూకం. పాపం, ఏం చేస్తాడు? నీళ్ళు అడిగాడు.

అది నవ్వింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి. అమ్మ దాని తలమీద చెయ్యి వేసింది. చుట్టూ చూసి, వాటాకి మిగతావాళ్ళు ఎవరూ లేకపోయినా ఆ చెయ్యి తియ్యలేదు.

ముందు గదిలో ఏదో కింద పడి పగిలింది. "చెప్పండ్రా, ఎవరు తోశారు?" అని పెద్దక్క అరుపు. అమ్మ మోచేత్తో పొడిచింది. "లే. వెళ్ళు. కొట్టుకు చచ్చేలా ఉన్నారు. తండ్రి పోయి నెల దాటిందో లేదో, అప్పుడే ఆయన అబద్ధాలకోరైపోయాడు వాళ్ళకి."

మూడోది మొహం కడుక్కుంది. కప్పుల పళ్ళెం పట్టుకుని వెళ్ళింది.

గదిలో ముగ్గురూ మూడు మూలల్లో నిలబడ్డారు. పెద్దోడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీళ్ళ ట్యాంకులో చెప్పిన మాట అబద్ధమైతే ఇంక ఏది నిజం?" అని గోడతో అంటున్నాడు. ఆ ఒక్క మాట ఆసరాగా ఎన్ని ఉద్యోగాలు పోయినా నిలబడ్డాడు వాడు. పెద్దక్క గాజుపెంకులు ఏరుతోంది, ఏరిన చోటే మళ్ళీ ఏరుతోంది. జనం లేవాలా కూర్చోవాలా తెలియక కుర్చీల అంచుల మీద ఉన్నారు.

చిన్నోడు దాన్ని చూసి ఎదురొచ్చాడు. "చిన్నక్కా, ఒక్కటి చెప్పు. నిజం చెప్పు. నీకు చెప్పాడా, లేదా?"

 బంగారం కొట్టాయన నేలచూపులు చూస్తున్నాడు.

మూడోది పళ్ళెం బల్లమీద పెట్టింది. లేదు అనొచ్చు. ఎందుకు చెప్పలేదో కూడా ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. పదేళ్ళ వయసునుంచి ఆకలిగా కూర్చున్న మనిషి, నిండు సభలో, నాలుగు మాటల్లో ముగ్గురినీ ఓడించి కూర్చోబెట్టొచ్చు. నోట్లో ఆ మాటలు తియ్యగా తిరిగాయి. పెద్దోడి గడ్డం ఇంకా వణుకుతూనే ఉంది.

"చెప్పాడు" అంది.

"ఎప్పుడు?"

"ఆఖర్న. మంచం మీదున్నప్పుడు. నీళ్ళు తాగాక."

"ఏమని?" అంది పెద్దక్క, పెంకులు పట్టుకునే. "మాట మాటకీ చెప్పు."

జన్మలో తనకి ఎవరూ అనని మాట చెప్పాలి. దానికి అబద్ధాలు చేతకావు, చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మూసుకుంది. "ముల్లు నీవైపే కాస్త మొగ్గుతుంది తల్లీ" అంది. తనకంటూ ఆ మాట మొదటిసారి వింది, అదీ తన గొంతులోనే.  మిగతాది కూడా చెప్పేసింది. "ఎవరితోనూ అనకు... అన్నాడు."

ముందుగా నవ్వింది చిన్నోడు. "నలుగురికీ! నలుగురికీ చెప్పాడ్రా బాబూ! అబద్ధం కూడా తూచి పంచాడు ముసలోడు!" పెద్దక్క పెంకులు వదిలేసి నేలమీద చతికిలబడి కడుపు పట్టుకుంది. నూనె కొట్టాయన తొడ చరుచుకున్నాడు. ప్రార్థన పెద్దాయన "నే చెప్పలా, ఆయన తూకం తప్పడని!" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గదంతా నవ్వుతోంది, కాటా మామ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మొదటిసారి.

పెద్దోడు మాత్రం నవ్వలేదు. జనాన్ని తప్పించుకుంటూ దాని దగ్గరికొచ్చి, భుజం మీద బరువుగా చెయ్యి వేశాడు.

"హమ్మయ్య" అన్నాడు చెవిలో. "నీ ఒక్కదానికే చెప్పలేదేమోనని హడలి చచ్చాననుకో. చెప్పకపోతే నువ్వెలా తట్టుకుంటావే?"

"నాకెందుకు చెప్పడన్నయ్యా?" అంది మూడోది. "నేనేమన్నా పరాయిదాన్నా?"